ప్రాకినదా, ఎంతవరకు ప్రాకినది? గర్భాశయ ముఖద్వార కాన్సరును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ఇంటిలోని స్త్రీకి గర్భాశయ ముఖద్వారమున కాన్సరు పుట్టినదని వైద్యుడు చెప్పినపుడు, వెంట వచ్చినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యా, అది ప్రాకినదా?" ఈ ప్రశ్న సరియైనదే. చేయవలసిన చికిత్స, కావలసిన కాలము, మిగులు ఆశ, అన్నియు దీని జవాబుపైననే ఆధారపడి యున్నవి. కాని వైద్యుడు వెంటనే జవాబు చెప్పడు. ముక్క తీసి పరీక్షకు పంపును, స్కానింగు వ్రాయును, వారము దినముల తరువాత మరల రమ్మనును. "ఇన్ని పరీక్షలెందుకు?" అని విసుగుచెంది, అవి ముగియకముందే రోగిని ఇంటికి తీసికొనిపోవువారును కలరు. అట్టివారు ఊరికి వచ్చి సలహా అడుగునది సర్పంచునో, వార్డు సభ్యునో. అందుచేత వైద్యులు ఈ అంచనా ఎట్లు వేయుదురో, దానివలన ప్రయోజనమేమో పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది అరుదైన వ్యాధి కాదు. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము ప్రపంచమున సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ కాన్సరు క్రొత్తగా వచ్చినది. సుమారు 3,50,000 మంది మరణించిరి. వారిలో మన దేశమున వ్యాధి సోకినవారు సుమారు 1,27,000 మంది. మరణించినవారు సుమారు 80,000 మంది. అనగా ప్రపంచమున ఈ వ్యాధిచే చనిపోవు ప్రతి ఐదుగురిలో ఒకరి కంటె ఎక్కువ మన దేశపు స్త్రీలే.

వ్యాధి పుట్టు చోటు

గర్భసంచి క్రిందిభాగము సన్నబడి యోనిమార్గములోనికి తెరచుకొను చోటును గర్భాశయ ముఖద్వారమందురు. ఇది బయటికి కనుపించునది కాదు. అచ్చట మార్పు కలిగినను తొలుత నొప్పి తెలియదు. మన పెద్దలు రాచపుండు అని భయముతో పిలిచిన వ్యాధి ఇచ్చట పుట్టుటకు దాదాపు అన్ని సందర్భములలోను హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి కారణము. దీనినే హెచ్.పి.వి. అందురు. ఇందులో 16వ, 18వ రకములే నూటికి సుమారు 70 కేసులకు మూలము. ఈ రెండు రకములను 1983, 1984 సంవత్సరములలో కనుగొన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది.

ఒక మాట ఇచ్చటనే చెప్పవలసి యున్నది. ఈ వైరస్ మిక్కిలి సర్వసాధారణమైనది. దాంపత్య జీవితము గడుపు స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకును. చాలమందిలో తానే పోవును. కావున వ్యాధి వచ్చిన స్త్రీ నడవడిని శంకించుట అజ్ఞానము, అన్యాయము కూడ. ఆమెను తాకినందున గాని, ఆమె వండినది తినినందున గాని కాన్సరు ఎవ్వరికిని అంటుకొనదు.

కొందరిలో మాత్రము ఈ వైరస్ పోక నిలిచిపోవును. అట్టివారిలో ముఖద్వారపు కణములు క్రమముగా మారి కాన్సరుగా పరిణమించుటకు సాధారణముగ 15 నుండి 20 ఏండ్లు పట్టును. హెచ్.ఐ.వి. సోకినవారిలో ఈ ప్రమాదము ఆరు రెట్లు. వ్యాధి ముదురుట కూడ త్వరితము. ఇన్ని ఏండ్ల వ్యవధి ఉన్నను మన స్త్రీలు ఆలస్యముగా ఆసుపత్రికి చేరుచుండుటయే శోచనీయము.

వ్యాధి ప్రాకు మూడు త్రోవలు

పొలములో కలుపు ఎట్లు వ్యాపించునో రైతులకు మేము చెప్పనక్కరలేదు. గరిక వేళ్ళు గట్టు క్రిందుగా పోయి ప్రక్క మడిలో మొలచును. కొన్ని విత్తనములు పంటబోదె నీటిలో కొట్టుకొనిపోయి దిగువ మడులకు చేరును. మరికొన్ని గాలికి ఎగిరి ఎక్కడనో దూరమున పడును. ఈ కాన్సరు ప్రాకు త్రోవలును ఇట్టివే మూడు కలవు.

మొదటిది, ఇరుగుపొరుగు భాగములలోనికి నేరుగా చొచ్చుకొనిపోవుట. కణితి పెరిగి యోనిమార్గమునకు, గర్భాశయమునకు ఇరుప్రక్కలనున్న మెత్తని కణజాలమునకు, కటి ఎముకల గోడవరకు ప్రాకును. మూత్రపిండముల నుండి మూత్రాశయమునకు పోవు నాళములు ముఖద్వారమునకు అతి సమీపమున ఉన్నవి. కణితి వానిని నొక్కినచో మూత్రము వెనుకకు నిలిచి మూత్రపిండములు వాచి చెడిపోవును. ఈ వ్యాధితో మరణము సంభవించుటకు ప్రధాన కారణములలో ఇది యొకటి.

రెండవది, లింఫు నాళముల త్రోవ. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట అందరును ఎరిగినదే. ఆ బిళ్ళలే లింఫు గ్రంథులు. దేహమంతట ఇట్టి గ్రంథులను కలుపుచు సన్నని నాళములు పంటబోదెలవలె అల్లుకొని యున్నవి. ముఖద్వారమునుండి వెడలు నాళములు మొదట కటిభాగమునందలి గ్రంథులకు, పిమ్మట నడుము ఎముక ముందున్న పెద్ద రక్తనాళము ప్రక్కనున్న గ్రంథులకు పోవును. కాన్సరు కణములు సాధారణముగ ఈ వరుసనే పాటించును. ఈ గ్రంథులు లోతుగా నుండుటచే చేతికి తగులవు.

మూడవది, రక్తము త్రోవ. ఈ త్రోవన పోయిన కణములు ఊపిరితిత్తులు, కాలేయము, ఎముకలు మున్నగు దూరపు అవయవములకు చేరును. ఇది సాధారణముగ ముదిరిన దశలో జరుగునది.

అంచనాకు ఆధారములు

వ్యాధి ప్రాకినదో లేదో, ఇకమీద ప్రాకు ప్రమాదమెంతో నిర్ణయించుటకు వైద్యులు ముఖ్యముగా ఈ క్రింది విషయములను పరిశీలింతురు.

మొదట కణితి పరిమాణము. రెండు సెంటీమీటర్లకు లోపు, అనగా రేగుపండంత యున్నపుడు ప్రమాదము తక్కువ. నాలుగు సెంటీమీటర్లకు, అనగా నిమ్మకాయంతకు పెరిగినపుడు చాల ఎక్కువ.

రెండవది లోతు. పైకి కనుపించు వెడల్పుకన్న లోపలికి ఎంత చొచ్చినదనుట ముఖ్యము. మూడు మిల్లీమీటర్ల లోతునకు మించక, సూక్ష్మనాళములలో ప్రవేశింపక యున్న వ్యాధిలో లింఫు గ్రంథులకు ప్రాకియుండుట నూటికి ఒక్కరికంటె తక్కువ మందిలోనే జరుగును. ఐదు మిల్లీమీటర్లను మించి లోతునకు పోయినపుడు, వ్యాధి ఇంకను ముఖద్వారము దాటకున్నను, నూటికి సుమారు 15 నుండి 20 మందికి గ్రంథులలో కాన్సరు కణములు కనబడును. కొలబద్దపై రెండు మూడు గీతల తేడా ఇంత భేదము కలిగించుచున్నది.

మూడవది, సూక్ష్మనాళములలో కాన్సరు కణములు కలవా లేవా అనుట. ఇది కంటికి గాని, స్కానింగునకు గాని కానరాదు. తీసిన ముక్కను పలుచని పొరలుగా కోసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచినపుడే తెలియును. కలుపు విత్తనము బోదెలో పడినదా లేదా అని చూచుటవంటిది ఈ పరీక్ష. ముక్క పరీక్ష ఫలితమునకు కొన్ని దినములు వేచియుండవలసి వచ్చుటకు కారణమిదియే. ముక్క తీసినందున కాన్సరు రేగి ప్రాకునని పల్లెలలో గల భయమునకు ఆధారము లేదు.

నాలుగవది లింఫు గ్రంథుల స్థితి. ఎం.ఆర్.ఐ., సి.టి., పెట్ స్కానింగు అను యంత్రపరీక్షల వలన గ్రంథులు పెద్దవైనవా, కణితి ఏ హద్దుల వరకు పోయినది, మూత్రపిండములు వాచినవా అను విషయములు తెలియును. శస్త్రచికిత్సకు తగిన కొందరిలో ముఖద్వారము చెంత రంగుమందు ఎక్కించి, అది మొదట చేరు గ్రంథిని గుర్తించి, దానిని మాత్రము తీసి పరీక్షించు పద్ధతియు కలదు. మొదటి గ్రంథి శుభ్రముగ నున్నచో తరువాతివి శుభ్రముగ నుండు అవకాశము ఎక్కువ.

ఇవన్నియు కలిపి వ్యాధిని నాలుగు దశలుగా విభజింతురు. ముఖద్వారమునకే పరిమితమైనది మొదటి దశ. దానిని దాటినను కటి గోడను గాని, యోనిమార్గపు క్రిందిభాగమును గాని చేరనిది రెండవది. ఆ హద్దులను చేరినది, లేదా మూత్రపిండమునకు అడ్డు కలిగించినది, లేదా లింఫు గ్రంథులకు ప్రాకినది మూడవది. మూత్రాశయము, పురీషనాళములలోనికి గాని, దూరపు అవయవములకు గాని పోయినది నాలుగవది. 2018లో ఈ విభజనను సవరించి, లింఫు గ్రంథులలో వ్యాధి కనుపించినచో కణితి చిన్నదైనను మూడవ దశగానే లెక్కింపవలెనని అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య నిర్ణయించినది. దీనినిబట్టి గ్రంథుల పరీక్షకు గల ప్రాముఖ్యము గ్రహింపవచ్చును.

అంచనా వలన ప్రయోజనము

ప్రమాదము తక్కువని తేలినచో చికిత్సయు తేలికయగును. కణితి రెండు సెంటీమీటర్లను మించని, ప్రమాదము తక్కువగల 700 మంది స్త్రీలపై జరిపి 2024లో ప్రకటించిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, చుట్టుప్రక్కల కణజాలమునంతను తీయు పెద్ద శస్త్రచికిత్సతో పోల్చగా సాధారణముగా గర్భసంచిని తీయుటయే సరిపోవునని తేలినది. మూడేండ్లలో కటిభాగమున వ్యాధి తిరుగబెట్టినవారు రెండు పద్ధతులలోను నూటికి ముగ్గురికంటె తక్కువ. అతి తొలిదశలో, సంతానము కోరు యువతులకు గర్భసంచిని నిలిపి చికిత్స చేయుటకూడ కొన్ని సందర్భములలో సాధ్యము.

ప్రమాదము ఎక్కువని తేలినచో కత్తికంటె రేడియేషన్ మేలు. పల్లెలలో "కరెంటు పెట్టుట" అనునది ఇదియే. విద్యుత్తు దేహములోనికి పోవుట కాదు. కాన్సరు కణములను చంపు కిరణములను ప్రసరింపజేయుట. దీనితోబాటు సిస్ప్లాటిన్ అను మందును వారమున కొకసారి ఇత్తురు. ఈ రెండును కలిపినచో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటె మరణ ప్రమాదము నూటికి 30 నుండి 50 పాళ్ళు తగ్గునని 1999లో ఐదు పరిశోధనల ఫలితముగ వెల్లడియైనది. ఈ చికిత్స మొత్తము ఎనిమిది వారములలో ముగియవలెను. మధ్యలో కోతలు వచ్చినవనియో, తోడు వచ్చువారు లేరనియో ఆపివేసినచో ఫలము తగ్గును.

మరి పరీక్షలు లేకుండ తొందరపడినచో ఏమగును? తెల్లబట్ట, నడుమునొప్పి అను బాధలకు, ముఖద్వార పరీక్ష చేయకయే, గర్భసంచి తీయించుకొను అలవాటు మన జిల్లాలలో వ్యాపించి యున్నది. అట్లు తీసిన తరువాత అందు కాన్సరు కలదని బయటపడినచో, కణితి ఎంతవరకు పోయినదో కొలుచుట కష్టము. చేయదగిన చికిత్సయు చిక్కుపడును. కావున పరీక్ష ముందు, కత్తి తరువాత అనుమాట ప్రతి ఇంటికి చేరవలెను.

ఇది జాతకము కాదు

వైద్యుడు "నూటికి ఇంతమందికి" అని చెప్పు లెక్కను ఎట్లు గ్రహింపవలెను? ఒకే విధమైన వ్యాధిగల అనేకమంది స్త్రీలను ఏండ్ల తరబడి గమనించి కట్టిన లెక్క అది. వాన పడు అవకాశము ఎక్కువని వాతావరణశాఖ చెప్పినను మన చేనిపై పడకపోవచ్చును. తక్కువని చెప్పినను పడవచ్చును. అయినను రైతు ఆ మాట విని ధాన్యముపై టార్పాలిన్ కప్పుకొనును. ఈ అంచనాయు అట్టిదే. ఎక్కువ ప్రమాదమని విని ఆశ వదలుకొనరాదు. తక్కువ ప్రమాదమని విని తరువాతి పరీక్షలు మానరాదు.

దశలలోని భేదము మాత్రము చాల పెద్దది. అమెరికా దేశపు లెక్కలలో, వ్యాధి పుట్టినచోటనే యున్నపుడు కనుగొన్నవారిలో నూటికి సుమారు 90 మంది ఐదేండ్ల పిమ్మటను జీవించి యున్నారు. చుట్టుప్రక్కలకు, గ్రంథులకు ప్రాకినవారిలో సుమారు 60 మంది. దూరపు అవయవములకు చేరినవారిలో 20 మందికి మించరు. యంత్రములు ఎంత గొప్పవైనను ఇవి ప్రాకిన వ్యాధిని కొలువగలవే గాని వెనుకకు త్రిప్పలేవు. వ్యాధి ప్రాకకముందే స్త్రీని ఆసుపత్రికి చేర్చుట గ్రామము చేతిలోని పని.

గ్రామములు చేసి చూపిన పని

ఇది వట్టిమాట కాదు. మహారాష్ట్రములోని బార్శీ పట్టణమున 1987లో గ్రామీణ కాన్సరు రిజిస్ట్రీ నెలకొల్పబడినది. దాని కార్యకర్తలు చుట్టుప్రక్కల గ్రామములకు తరచుగా పోయి, కాన్సరు లక్షణములను ప్రజలకు వివరించి, అనుమానము గలవారిని పరీక్షకు రప్పించుచుండిరి. కొలది ఏండ్లలోనే తొలిదశలో ఆసుపత్రికి వచ్చు స్త్రీల పాలు పెరిగినది. వారు క్రొత్త యంత్రములేవియు తేలేదు, ఊరూర మాటలాడిరి.

పిమ్మట ఆ ప్రాంతముననే, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమైయున్న ఉస్మానాబాదు జిల్లాలో, 497 గ్రామములలో ఒక పెద్ద పరిశోధన జరిగినది. 1999లో ప్రారంభమైన ఈ పనిలో 30 నుండి 59 ఏండ్ల వయస్సుగల సుమారు 1,31,000 మంది స్త్రీలు చేరిరి. 2009లో ఫలితములు ప్రకటించిరి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్షకు పిలువబడిన 34,126 మంది గల వర్గములో, ముఖద్వారము దాటి ముదిరిన కాన్సరు 39 మందికి వచ్చినది. 34 మంది మరణించిరి. అట్టి పరీక్ష లేని 31,488 మంది గల వర్గములో 82 మందికి ముదిరిన వ్యాధి వచ్చినది. 64 మంది మరణించిరి. జీవితములో ఒక్క పరీక్ష మరణములను దాదాపు సగమునకు తగ్గించినది. మనవంటి మెట్టపొలములు, మనవంటి కూలి కుటుంబములు గల గ్రామములలోనే ఇది సాధ్యమైనది.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీశిశు సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. కావున ఈ పనులను మా మనవిగా సభ్యుల ముందుంచుచున్నాము.

1. లక్షణములు తెలియజేయుట. బహిష్టులకు నడుమ రక్తము కనుపించుట, ముట్లుడిగిన తరువాత మరల కనుపించుట, భర్తతో కలిసిన తరువాత రక్తము పోవుట, దుర్వాసనతో తెల్లబట్ట లేక ఎర్రబట్ట పోవుట: వీనిలో ఏది యున్నను వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. ఇవి యన్నియు కాన్సరు వలననే కలుగునని కాదు. కాని కాదని తేల్చుకొనవలెను. గ్రామసభలో స్త్రీలకు వేరుగా ఒక సమావేశము జరిపి, మహిళా సభ్యులు, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు ఈ మాటలు చెప్పినచో సిగ్గు అడ్డురాదు.

2. బాధ లేకున్నను పరీక్షకు పంపుట. 30 ఏండ్లు దాటినవారు 65 ఏండ్ల వరకు ఐదేండ్లకొకసారి పరీక్ష చేయించుకొనవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గదర్శక సూత్రములు వెలువరించినది. ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి ఒక నిమిషము ఆగి చూచుటయే ఈ పరీక్ష. మారిన చోటు తెల్లబడును. సూది లేదు, కోత లేదు. కాన్సరు కాకముందటి మార్పును అతిచల్లదనముతో గాని వేడిమితో గాని అప్పుడే తొలగింపవచ్చును. వయస్సువారీగా ఇంటింటి జాబితా వ్రాసి, ఆరోగ్య కేంద్రముతో దినము నిశ్చయించుకొని, వాహనము ఏర్పాటు చేయుట పంచాయతీకి కష్టము కాదు.

3. బాలికలకు టీకా. హెచ్.పి.వి. టీకాను 9 నుండి 14 ఏండ్ల బాలికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యముగా సిఫారసు చేసినది. మన దేశములో తయారైన టీకాయు 2023లో వెలువడినది. మీ ప్రాంతమున ఎవరికి, ఎక్కడ ఇచ్చుచున్నారో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున విచారించి తల్లిదండ్రులకు తెలుపుడు. టీకా పొందినవారును పెద్దయైన పిమ్మట పరీక్ష మానరాదు.

4. రోగిని నడుమ విడువకుండుట. వ్యాధి తేలిన స్త్రీ ఇల్లు, పిల్లలు, పాడి అని వెనుకాడును. పరీక్షలు ముగిసి దశ తేలువరకు, తరువాత ఎనిమిది వారముల చికిత్స ముగియువరకు, ఆమె ఇంటిపని చూచువారిని, తోడుపోవువారిని సమకూర్చవలెను. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రివంటి ప్రభుత్వ వైద్యాలయములు కలవు. తెలంగాణమున ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకముల క్రింద అర్హులైనవారికి నిబంధనల మేరకు చికిత్స లభించును. కావలసిన కాగితములను సిద్ధము చేయించుట సభ్యులు సులువుగా చేయగల సాయము.

5. కాగితములు భద్రపరచుట. ముక్క పరీక్ష నివేదిక, స్కానింగు ఫిల్ములు, చికిత్స పుస్తకము ఒకే సంచిలో నుంచి ప్రతిసారియు తీసికొనిపోవలెను. అవి లేనిచో అంచనా మరల మొదటినుండి వేయవలసి వచ్చును, దినములు వృథాయగును.

వచ్చు గ్రామసభలో ఏ ఒక్క సభ్యురాలైనను లేచి, "మన ఊరిలో ముప్పది దాటిన ఆడవారిలో ఇంతవరకు ఎందరు పరీక్ష చేయించుకొనిరి?" అని అడిగినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ మాకు ఫలించినట్లే. ఆ ప్రశ్నకు జవాబు వెదకిన గ్రామములో, "అది ప్రాకినదా?" అను ప్రశ్నకు "లేదమ్మా, వేళకు వచ్చితివి" అని వైద్యుడు చెప్పు దినములు ఎక్కువగును.